మైనం మాట వినాలంటే...

రాత్రి గ్లాసులో పోసినప్పుడు అద్దంలా మెరిసిన మైనం తెల్లారేసరికి వత్తి చుట్టూ గుంట పడి ఉంటుంది. పక్క గ్లాసు గోడల నిండా మరకలు. మూడోదాన్ని వెలిగిస్తే నడిమధ్యలో బావి తవ్వినట్టు దిగిపోయి, చుట్టూ ఉన్న మైనం ఉన్నట్టే మిగిలిపోతుంది. ఇంట్లో గ్లాసు కొవ్వొత్తులు చేయడం మొదలుపెట్టిన వాళ్లలో ఈ మూడింటిలో ఒక్కటైనా చూడనివాళ్లు ఉండరు.

సరదాకి చేసుకుంటే పోయేది కాస్త మైనమే. అదే దీపావళికో క్రిస్మస్‌కో యాభై గ్లాసులకు ఆర్డరు ఒప్పుకొన్నాక ఇలా జరిగితే? పెట్టుబడి పోతుంది, ఇచ్చిన మాటా పోతుంది. పైగా సరిగ్గా కుదరని కొవ్వొత్తి చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు. మరీ లావు వత్తి పెడితే గ్లాసు పగిలే ప్రమాదమూ ఉంటుంది. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడం ముఖ్యం. అదేమంత కష్టం కూడా కాదు. వచ్చే చిక్కులు పది రకాలుగా కనిపించినా, వెతకాల్సిన చోట్లు మూడే... ఏ మైనం, ఎంత వేడి, ఎంత వత్తి!

మండేది వత్తి కాదు

కొవ్వొత్తి వెలుగుతుంటే వత్తి మండుతోందనుకుంటాం. నిజానికి మండేది మైనం. అదీ గడ్డగా ఉన్న మైనం కాదు, కరిగిన మైనమూ కాదు... మైనపు ఆవిరి! మంట వేడికి పైన ఉన్న మైనం కరుగుతుంది. ఆ ద్రవాన్ని వత్తి పైకి పీల్చుకుంటుంది. కొసకు చేరాక అది ఆవిరై మండుతుంది. కొవ్వొత్తిని ఆర్పగానే తెల్లగా లేచే పొగ దగ్గరికి అగ్గిపుల్ల తెస్తే, వత్తిని తాకకుండానే మంట తిరిగి అంటుకునేది ఇందుకే.

ఈ సంగతులను పిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చెప్పిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని ఆయన ఆరు ఉపన్యాసాలిచ్చారు. అవి 1861లో పుస్తకంగా వచ్చాయి. వత్తి మైనాన్ని తోడే మోటారులాంటిదని గుర్తుపెట్టుకుంటే సగం చిక్కులు వాటంతటవే అర్థమవుతాయి. మోటారు చిన్నదైతే మైనం అందక మంట కొడిగడుతుంది. పెద్దదైతే మోతాదుకు మించి తోడి మసి కక్కుతుంది.

అన్ని మైనాలూ ఒకటి కాదు

మన భాషలో కొవ్వొత్తి అంటేనే కొవ్వుతో చేసిన వత్తి. ఒకప్పుడు ఐరోపాలోనూ పశువుల కొవ్వుతోనే వీటిని చేసేవారు. వాసన, మసి భరించలేనంతగా ఉండేవి. కొవ్వులోంచి స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేస్తే గట్టిగా, శుభ్రంగా మండుతుందని ఫ్రాన్స్‌లో షెవ్రల్ కనిపెట్టాడు. గే-లుసాక్‌తో కలిసి 1825లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ముడిచమురు నుంచి వచ్చే పారఫిన్ మైనం ఆ చోటును ఆక్రమించింది. మనదేశంలో అసోంలోని దిగ్బోయ్, నుమాలీగఢ్ రిఫైనరీలు పారఫిన్‌ను తయారుచేస్తున్నాయి.

మొదటి చిక్కు ఇక్కడే. దుకాణంలో 'కొవ్వొత్తుల మైనం' అని అడిగితే చాలాచోట్ల ఇచ్చేది నిలువు కొవ్వొత్తులకు పనికొచ్చే గట్టి పారఫిన్. అది దాదాపు 57 నుంచి 63 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. దానికి తోడు స్టియరిక్ ఆమ్లం పొడినీ కలపమంటారు. అచ్చులో పోసే కొవ్వొత్తికి ఇది మంచిదే. ఎందుకంటే మైనం గట్టిపడేటప్పుడు బాగా ముడుచుకుని అచ్చు నుంచి తేలిగ్గా ఊడొస్తుంది. గ్లాసు కొవ్వొత్తికి కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం! మైనం గ్లాసు గోడను వదలకూడదు. కాబట్టి 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరిగే మెత్తటి పారఫిన్ గానీ, గ్లాసుల కోసమే తయారైన సోయా మైనం గానీ తీసుకోవాలి. స్టియరిక్ ఆమ్లం జోలికి పోకపోవడమే మేలు.

తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గ్లాసులో ఒక్కటే పోస్తే మరీ గట్టిగా ఉండి పగుళ్లిస్తుంది. కొబ్బరినూనెలాంటిది కొంత కలిపితే మెత్తబడుతుంది. అలాగని కొబ్బరినూనె పాలు పెంచేస్తే కుదరదు. అది 24 డిగ్రీలకే కరిగిపోతుంది. చలికాలం పొద్దున సీసాలో పేరుకుని, ఎండెక్కగానే కరిగే సంగతి తెలిసిందేగా!

నడిమధ్యలో గుంట

గ్లాసులో పోసిన మైనం గోడల వైపు నుంచి, పైనుంచి ముందు గట్టిపడుతుంది. వత్తి చుట్టూ ఉన్నది ఆఖరున చల్లబడుతుంది. గట్టిపడే మైనం ముడుచుకుంటుంది కాబట్టి ఆ ముడత అంతా మధ్యలోకి వచ్చి గుంటగా మిగులుతుంది. ఒక్కోసారి పైన నున్నగానే ఉండి లోపల డొల్ల ఏర్పడుతుంది. వెలిగించాక మంట అక్కడికి చేరగానే కరిగిన మైనమంతా ఆ డొల్లలోకి దిగి, వత్తికి అందకుండా పోతుంది.

దీనికి మందు రెండోసారి పోయడమే. మొదటిసారి పోసేటప్పుడే కొద్దిగా మైనం విడిగా ఉంచుకోవాలి. గ్లాసులోది సగం గట్టిపడి, పైన మీగడలా పొర కట్టాక, వత్తికి కాస్త ఎడంగా సన్నటి పుల్లతో రెండు మూడు చోట్ల గుచ్చాలి. లోపలి డొల్ల తెరుచుకుంటుంది. పూర్తిగా చల్లారాక, మిగిలిన మైనాన్ని మొదటిసారి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వేడి చేసి పోస్తే పాత పొరతో చక్కగా అతుక్కుంటుంది. మొదటిసారి పోసిన మట్టాన్ని దాటకుండా చూసుకోవాలి. దాటితే గ్లాసు అంచున గీతలా మరక మిగులుతుంది.

సోయా మైనంలో గుంట చిన్నదైతే ఇంత తంటా అక్కర్లేదు. హెయిర్ డ్రయర్‌తో పైపొరను కాస్త కరిగిస్తే సర్దుకుంటుంది.

గాజుకు చెమ్మ పట్టిందా?

గ్లాసు బయటి నుంచి చూస్తే అక్కడక్కడా తడి పట్టినట్టు మచ్చలు కనిపిస్తాయి. నీళ్లు చేరాయేమోనని చాలామంది కంగారుపడతారు. అది తడి కాదు, గాలి. మైనం గాజును వదిలి కాస్త వెనక్కి జరిగితే ఆ సందులో చేరిన గాలి అలా కనిపిస్తుంది. మండటంలో తేడా ఏమీ ఉండదు. అయినా అందంగా ఉండాలంటే గ్లాసును సబ్బుతో కడిగి, చుక్క నీరు లేకుండా ఆరబెట్టి, పోసేముందు గోరువెచ్చగా చేయాలి. చల్లటి గ్లాసులో వేడి మైనం పోస్తే మచ్చలు రావడమే కాదు, పలుచటి గాజు చిట్లిపోవచ్చు కూడా. పోశాక ఫ్యాను కిందో, ఏసీ గదిలోనో పెట్టకుండా గాలి తగలని చోట ఒక్కో గ్లాసుకూ నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి వదిలేయాలి. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే పగుళ్లు ఖాయం.

సోయా మైనం మీద ఇంకో రకం మరక వస్తుంది. గాజుకు మంచు పట్టినట్టు తెల్లటి పువ్వులు. ఇది వృక్షాల నూనెలతో చేసిన మైనాల సహజ గుణం. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే స్ఫటికాలవి. రంగు వేసిన కొవ్వొత్తిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మరీ వేడిగా పోయకుండా, నెమ్మదిగా చల్లారనిస్తే తగ్గుతాయి. పూర్తిగా పోవాలంటే మార్గం ఒకటే... రంగు వేయడం మానేయడం! తెల్లటి మైనంలో తెల్లటి పువ్వులు ఎవరికి కనిపిస్తాయి?

బావిలా దిగిపోతుంటే...

మంట తన చుట్టూ ఉన్న కాస్త మైనాన్నే కరిగించుకుంటూ కిందికి దిగిపోవడాన్ని టన్నెలింగ్ అంటారు. కొన్నాళ్లకు ఆ బావిలో మంట మునిగి ఆరిపోతుంది. సగానికి పైగా మైనం వృథా. కొన్నవాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే.

కారణాలు మూడు. గ్లాసు వెడల్పుకు వత్తి సన్నం కావడం, మైనం మరీ గట్టిది కావడం, మొదటిసారి వెలిగించినప్పుడు పట్టుమని అరగంటకే ఆర్పేయడం. మొదటి రెండూ చేసినవారి పొరపాట్లు. మూడోది వాడినవారిది. మొదటిసారి కరిగిన మేరకే తర్వాతా కరిగే అలవాటు మైనానికి ఉంటుంది. అందుకే గ్లాసు వెడల్పు ఎన్ని అంగుళాలుంటే మొదటిసారి సుమారు అన్ని గంటలు వెలగనివ్వాలి. మూడంగుళాల గ్లాసుకు మూడు గంటలు. పైపొర అంచు దాకా కరిగాకే ఆర్పాలి. ఈ మాట కాగితం మీద రాసి గ్లాసుకు అంటిస్తే సగం ఫిర్యాదులు రావు.

ఇప్పటికే బావి పడిన కొవ్వొత్తినీ బాగుచేయొచ్చు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను గ్లాసు పైఅంచు చుట్టూ కప్పి, మధ్యలో మంటకు గాలి ఆడేంత పెద్ద రంధ్రం వదలాలి. వేడి లోపలికి మళ్లి అంచుల్లోని మైనం కరుగుతుంది. దగ్గరుండి చూసుకుంటూ, మట్టం సమమవగానే ఆర్పేయాలి. ఫాయిల్ వేడెక్కుతుంది కాబట్టి చల్లారేదాకా చేయి పెట్టకూడదు.

పుట్టగొడుగులా వత్తి

దీనికి ఎదురు చిక్కు మరొకటి. మంట ఎత్తుగా ఎగిసి ఊగుతుంది. వత్తి కొసన నల్లగా పుట్టగొడుగులా బొగ్గు పేరుకుంటుంది. గ్లాసు అంచు మసిబారుతుంది. వత్తి మరీ లావైందనో, పొడవు పెరిగిందనో అర్థం. వెలిగించే ప్రతిసారీ వత్తిని అర సెంటీమీటరు, అంటే పావు అంగుళం దాకా కత్తిరించాలి. ఫ్యాను గాలికి దూరంగా పెట్టాలి. అయినా తగ్గకపోతే తర్వాతి విడతలో ఒక సైజు సన్నటి వత్తి వాడాలి.

దేవుడి దగ్గర పెట్టే దూది వత్తి ఇక్కడ పనికొస్తుందా? రాదు. అది నూనె కోసం చేసింది. నిలబడదు, మండేకొద్దీ కొస వంగి తనంతట తాను కాలిపోదు. కొవ్వొత్తికి కావాల్సింది జడలా అల్లిన నూలు వత్తి. ఈ అల్లిక కూడా 1825లో ఫ్రాన్స్‌లో వచ్చిందే. అల్లిన వత్తి మండుతూ ఒక పక్కకు వంగుతుంది. కొస మంట అంచుకు చేరి బూడిదైపోతుంది. వత్తిని ముందుగా కరిగిన మైనంలో ముంచి తీసి, నిటారుగా ఆరబెట్టి, అడుగున రేకు బిళ్ల తొడిగి గ్లాసు మధ్యలో అంటించాలి. లోపల సీసం తీగ ఉన్న వత్తులు కొనకూడదు. మండితే సీసం గాల్లో కలుస్తుంది. అమెరికా 2003లోనే వాటిని నిషేధించింది.

గ్లాసు వెడల్పు తొమ్మిది, పది సెంటీమీటర్లు దాటితే ఒక్క లావు వత్తి కన్నా రెండు సన్నటివి పెట్టడం నయం.

వాసన ఏమైపోయింది?

మూత తీస్తే మల్లెలు గుబాళిస్తాయి, వెలిగిస్తే ఏమీ ఉండదు. సువాసన తైలాన్ని మరీ వేడి మైనంలో పోస్తే కొంత ఆవిరైపోతుంది. మరీ చల్లారాక పోస్తే సరిగా కలవదు. సోయా మైనమైతే పొయ్యి కట్టేసి, 80-85 డిగ్రీల దగ్గర తైలం పోసి, రెండు నిమిషాలు నిదానంగా కలపాలి. కొలత కళ్లతో కాదు, తూకంతో చూడాలి. మైనం బరువులో 6 నుంచి 8 శాతం చాలు. అర కిలో మైనానికి 30 నుంచి 40 గ్రాములన్నమాట. ఇంకాస్త పోస్తే ఇంకాస్త వాసన వస్తుందనుకుంటే పొరపాటు. పట్టని తైలం చెమటలా పైకి తేలుతుంది, వత్తిని మూసేస్తుంది. సోయా కొవ్వొత్తిని చేసిన మర్నాడే వెలిగించి వాసన లేదని నిరాశపడనక్కర్లేదు. వారం, రెండు వారాలు మూతపెట్టి ఉంచితే తైలం మైనంలో కుదురుకుంటుంది.

ఒంటికి కొట్టుకునే స్ప్రేలు వాడకూడదు. వాటిలో ఉండేది ఎక్కువగా ఆల్కహాల్. మిఠాయి రంగులూ మైనంలో కరగవు. అవి నీళ్లలో కరిగేవి. పసుపు, కుంకుమ, పిల్లల క్రేయాన్లు రంగునిస్తాయి కానీ వాటి పొడి వత్తిని పూడ్చేస్తుంది. మంట చిన్నబోయి ఆరిపోతుంటే కారణం రంగేమో చూసుకోవాలి. నూనెలో కరిగే కొవ్వొత్తుల రంగులే మేలు. వెలిగించినప్పుడు చిటపటలాడితే మైనంలోకో వత్తిలోకో నీటిచుక్క చేరిందని గుర్తు.

మన ఎండలూ లెక్కలోకే

విదేశీ పుస్తకాల్లోని కొలతలు మన ఊళ్లలో తప్పడానికి ఒక కారణం ఎండ. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. 46 డిగ్రీలకు కరిగే మైనం ఆ వేడికి మెత్తబడి తైలం కక్కుతుంది. రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో పెడితే పూర్తిగా కరిగిపోతుంది కూడా. వేసవిలో అమ్మేవాటికి కాస్త ఎక్కువ వేడికి కరిగే మైనం ఎంచుకుని, తైలం తగ్గించాలి. ఆర్డర్లు పంపేది పొద్దున్నో సాయంత్రమో అయితే మంచిది.

పాత్ర ఎంపికా ముఖ్యమే. మందపాటి, నిటారు గోడల గాజు గ్లాసు అన్నింటికన్నా నమ్మకమైనది. మెడ సన్నగా ఉండే సీసాలో పై భాగం విపరీతంగా వేడెక్కుతుంది. స్టీలు గ్లాసు చేయి కాలేలా వేడెక్కుతుంది. కాల్చిన మట్టి పాత్ర మైనాన్ని పీల్చుకుంటుంది కాబట్టి లోపల మెరుగు పూత ఉన్నదే తీసుకోవాలి. కొబ్బరిచిప్ప అందంగా ఉంటుంది, కానీ అదే అంటుకోగలదు!

ఒక్కటే మార్చాలి

కొవ్వొత్తి చెడితే చాలామంది మైనం, వత్తి, వేడి అన్నీ ఒక్కసారిగా మార్చేస్తారు. ఈసారి బాగా వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. ఒక విడతకు ఒక్కటే మార్చడం పద్ధతి. ఒకే మైనం, ఒకే వేడి, ఒకేలాంటి మూడు గ్లాసులు తీసుకుని మూడు సైజుల వత్తులు పెట్టి వెలిగించి చూస్తే సరైనది దొరుకుతుంది. మూడు నాలుగు గంటలకు మైనం అంచు దాకా కరిగి, ఆ ద్రవం లోతు సుమారు ఒక సెంటీమీటరు ఉండి, మంట ఊగకుండా నిలిస్తే వత్తి కుదిరినట్టే. గ్లాసు సగానికి దిగాకా, అడుక్కి చేరాకా కూడా ఇలాగే ఉందేమో చూడాలి. లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది కాబట్టి పైన బాగున్న వత్తి కింద లావైపోవచ్చు. చివరి సెంటీమీటరు మైనం మిగిలుండగానే ఆపేయాలని కొన్నవారికి చెప్పడం మరవకూడదు.

ప్రతి విడతకూ తేదీ, మైనం పేరు, పోసిన వేడి, తైలం బరువు, వత్తి సైజు నోటుపుస్తకంలో రాసుకోవాలి. వేడి కొలవడానికి వంటకు వాడే థర్మామీటరు తెచ్చుకోవాలి. జ్వరం చూసేది 42 డిగ్రీలు దాటితే పనికిరాదు, వేడి మైనంలో ముంచితే పగులుతుంది.

పరీక్షకు, మైనం కుదురుకోవడానికి కలిపి మూడు వారాలైనా పడుతుంది. దీపావళి ఆర్డరు తీసుకునేవారు దసరా ముందే ఈ లెక్క వేసుకోవాలి. పరీక్షించని గ్లాసును పండగ ఇంటికి పంపడం కన్నా, ఈ ఏడాదికి తక్కువ ఆర్డర్లు ఒప్పుకోవడమే మంచిది. ఆ గ్లాసు వెలిగేది ఎవరింట్లోనో, పిల్లల పక్కనో, కర్టెన్ల దగ్గరో!

పొయ్యి దగ్గర జాగ్రత్త

* మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. నీళ్లు మరుగుతున్న గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు.

* మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతాయి. గ్యాస్ కట్టేసి, గిన్నె మీద మూత బోర్లించాలి. గిన్నెను ఎత్తి బయటికి తీసుకెళ్లే ప్రయత్నం చేయకూడదు.

* చేతిమీద పడితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. అతుక్కున్న మైనాన్ని బలవంతంగా పీకకూడదు. టూత్‌పేస్టు, ఇంకు పూయకూడదు. బొబ్బలెక్కితే డాక్టరుకు చూపించాలి.

* మిగిలిన మైనాన్ని సింకులో పారబోస్తే గొట్టంలో గడ్డకడుతుంది. కాగితంతో గిన్నె తుడిచాకే కడగాలి.

* వెలుగుతున్న కొవ్వొత్తిని ఒంటరిగా వదిలి నిద్రపోవద్దు, బయటికి వెళ్లొద్దు.